మోకాలి చెప్పులు

రాజమండ్రిలో మా కాలేజీ జియాలజీ మ్యూజియంలో ఆరు వందల పైచిలుకు శిలాజాలు ఉన్నాయి. అందులో సగానికి పైగా ఏరి తెచ్చింది సువార్తమ్మ గారు. ఆవిడ ఉద్యోగం అటెండరు, చదువు ఐదో తరగతి. పొద్దున్నే గదులు ఊడ్చి, అద్దాల బీరువాలు తుడిచి, ఫీల్డుకి వెళ్ళే రోజున మాతోపాటు జీపెక్కేవారు. క్వారీలో మేం పుస్తకాలు తెరిచి పొర ఏదో, వయసెంతో తేల్చుకునేలోపు ఆవిడ మోకాళ్ళూని నాలుగు రాతిగవ్వలు తీసి వరసగా పెట్టేసేవారు. నేను ఎమ్మెస్సీలో గోల్డ్ మెడలిస్టుని, పేరు నాగవల్లి. ఆరేళ్ళ లెక్చరర్ ఉద్యోగంలో నేను స్వయంగా తీసిన మంచి శిలాజాలు పదకొండు. అందులో రెండింటి మీద ఆవిడే వేలు పెట్టి చూపించారు.

గోదావరి దాటి, కొవ్వూరు మీదుగా పంగిడి వైపు వెళ్తే నల్లరాయి క్వారీలు వరసగా తగుల్తాయి. మన రోడ్లకీ మేడలకీ కంకర అక్కణ్ణుంచే వస్తుంది. ఆ నల్లరాయి ఒకనాటి లావా. ఒక లావా పొరకీ దాని మీది పొరకీ నడుమ కొన్నిచోట్ల పలచటి సున్నపురాయి ఉంటుంది. లావా చల్లారి ఊరుకున్న కాలంలో సముద్రం అక్కడిదాకా వచ్చి, తన గవ్వల్నీ ఆలుచిప్పల్నీ ఆ బురదలో వదిలేసి పోయింది. కంకర వ్యాపారికి ఆ పొర ఎందుకూ పనికిరాదు, మాకు మాత్రం అదే బంగారం. మేం వెళ్ళే క్వారీలో అది నిలువుగా కోసిన రాతిగోడ అడుగునుంచి బయటికి, నవారు మంచమంత మేర నేల మీద పరుచుకుని ఉండేది. నిలబడి చేసే పని కాదు, గొంతుక్కూర్చుంటే సుత్తి దెబ్బకి బలం రాదు. మోకాళ్ళూని ముందుకు వంగాల్సిందే. కింద చూస్తే క్రషర్లో పడకుండా మిగిలిన కంకర ముక్కలు, ఒక్కో అంచూ బ్లేడే.

1998 నవంబరులో ఒకరోజు ఆ నేల మీంచి సువార్తమ్మ గారు లేవలేకపోయారు. ఇద్దరు విద్యార్థులు చెరో రెక్కా పట్టుకుని లేపారు. జీపు దాకా యాభై గజాలూ ఆవిడ కొంగు మూట పట్టుకునే నడిచారు. మర్నాడు ఎముకల డాక్టరుకి చూపిస్తే, ఏళ్ళ తరబడి రాళ్ళు గుచ్చుకుని మోకాళ్ళలో నీరు చేరిందన్నారు. మందులిచ్చారు. ఇకనుంచి ఉత్త మోకాలు నేలకి ఆనించొద్దన్నారు.

మా డిపార్ట్‌మెంట్ హెడ్డు ఆదినారాయణరాజు గారు. భీమవరం పక్క మనిషి. ఇస్త్రీ నలగని తెల్ల ప్యాంటు వేస్తారు, ఎవర్నీ గట్టిగా ఒక్క మాటనరు. ఆయన మంచితనంతోనే నాకెప్పుడూ పేచీ. సువార్తమ్మ గారికి ఇక ఫీల్డు పని వద్దన్నారు. ఫ్యాను కింద కుర్చీ వేయించి, సీసాలు తుడుస్తూ హాయిగా కూర్చోమన్నారు. రిటైరయ్యేదాకా అదే పనట. అది శిక్ష అని ఆయనకి తోచలేదు. ఆవిడకి తోచింది, నాకూ తోచింది, ఒళ్ళు మండింది.

ఆ సాయంత్రం ఆవిడ నా టేబుల్ మీద పిడికెడంత రాయి పెట్టారు. లేవలేకపోయిన రోజున కొంగులో మూటగట్టి తెచ్చిన రాయి. అందులో గోధుమరంగులో, చిటికెన వేలంత, పళ్ళు పళ్ళుగా ఉన్నదేదో కనబడింది. అది పీత కరిచి పట్టుకునే ముందరి డెక్క అని నేను గుర్తుపట్టడానికి భూతద్దం కావాల్సి వచ్చింది. మా మ్యూజియంలో గవ్వలున్నాయి, చేప పళ్ళున్నాయి, ఆలుచిప్పలు బుట్టెడున్నాయి. పీత లేదు.

"డెక్క ఉందంటే పీత ఉన్నట్టేనండి. నేను తీస్తాను," అన్నారు సువార్తమ్మ గారు.

తీస్తానని ఆవిడ చెప్పిన తీరు, మార్కెట్టుకెళ్ళి వంకాయలు తెస్తానన్నట్టుంది. కానీ గడువుంది. ఫిబ్రవరి రెండో శనివారం సాయంత్రం నాలుగింటికి ఆ గోడ పేల్చేస్తామని క్వారీ మేనేజరు ముందే చెప్పాడు. గోడ కూలితే దాని అడుగున ఉన్న ఆ మంచమంత పొర మిగలదు. పీత ఆలోపే దొరకాలి, లేదా కంకరతో కలిసి ఏ రోడ్డు కిందకో పోవాలి. ఈలోగా సువార్తమ్మ గారిని ఫ్యాను కింద కుర్చీలోంచి లేపాలి.

నేను రాజు గారితో వాదించాను, బతిమాలాను, చివరికి కాస్త గొంతు కూడా పెంచాను. ఆయన కళ్ళజోడు తుడుచుకుని ఒక షరతు పెట్టారు. మోకాళ్ళకి ఏదైనా రక్షణ కట్టుకుని, తన ఎదుట అరగంట కంకర మీద మోకాళ్ళూని, ఎవరి సాయమూ లేకుండా లేచి నడిస్తే తీసుకెళ్దామన్నారు. డాక్టరు గారిని అడిగితే, మందంగా కట్టుకుని, పావుగంటకోసారి లేచి నాలుగడుగులు వేస్తే కొద్దిరోజులు ఫరవాలేదన్నారు. రాజు గారు మాత్రం ఆ షరతుతో సంగతి ముగిసిందనుకున్నారు.

ఆ ఆదివారమే నేను మెయిన్ రోడ్డులో ఆటల సామాన్ల షాపుకెళ్ళి, వాలీబాల్ ఆడేవాళ్ళు వేసుకునే మోకాలి ప్యాడ్లు కొన్నాను. నీలం రంగు, లోపల మెత్తటి ఫోము, ఎలాస్టిక్ పట్టీ. చేత్తో నొక్కితే దూదిలా దిగిపోయాయి. నాకు భలే నచ్చాయి. సువార్తమ్మ గారు బొటనవేలితో ఒక పక్కా, చూపుడువేలితో ఇంకో పక్కా నొక్కి, నావైపు జాలిగా చూశారు.

"నా గోరు నాకే తగుల్తుందండి. ఇంక రాయి తగలదా?"

మెత్తగా ఉంటే మంచిదనుకోవడమే నా తప్పని నెమ్మదిగా చెప్పారు. మెత్తటిది లోపలుండాలి, రాయికి తగిలే పక్క మొండిగా ఉండాలి. పైగా ఎలాస్టిక్ మోకాలి వెనక మడతలో బిగుసుకుని కాలికి తిమ్మిరి తెప్పిస్తుంది. అదీగాక ఈ సరుకంతా ప్యాంటు వేసుకునేవాళ్ళ కోసం చేసింది, చీర మీద కడితే జారి చీలమండ దగ్గరికొస్తుంది. ఇన్ని లోపాలు నా గోల్డ్ మెడలుకి కనబడలేదు. అవి తరవాత మా తమ్ముడికిచ్చేశాను.

ఇక వెతుకులాట ఆవిడే మొదలుపెట్టారు. వెతకడం ఒక ఎత్తు, పరీక్షించడం ఒక ఎత్తు. పరీక్షకి ఆవిడ ఎంచుకున్న చోటు వాళ్ళ చర్చి. పాస్టరు యెహెజ్కేలు గారు ఆదివారం మోకాళ్ళ ప్రార్థన మొదలుపెడితే నలభై నిమిషాలకి తక్కువ ఉండదు. ఊళ్ళో రోగులందరి పేర్లూ, పరీక్షలు రాసే పిల్లల పేర్లూ, కలెక్టరు గారి దాకా అందరూ అందులో వస్తారు. గచ్చు నేల. గడియారం ఎదురుగా ఉంటుంది. ఇంతకన్నా మంచి ప్రయోగశాల మా కాలేజీలో కూడా లేదు.

మొదటి ఆదివారం కొబ్బరి పీచు పరుపు ముక్కలు కోసి, పాత గుడ్డలో కుట్టి కట్టుకెళ్ళారు. పావుగంటకే పీచు గుడ్డ దాటి గుచ్చుకోవడం మొదలెట్టింది. అందరూ కళ్ళు మూసుకుని ఆమెన్ అంటుంటే ఆవిడ మోకాళ్ళు గోక్కుంటూ అలాగే ఉన్నారట. ఇంటికొచ్చి వాటిని నీళ్ళలో ముంచి చూశారు. బరువు మూడింతలైంది. క్వారీ నేల ఊటకి ఎప్పుడూ తడిగానే ఉంటుంది కాబట్టి అదీ కొట్టివేత. రెండో ఆదివారం లారీ ట్యూబు మడతలు. రాయి దిగదు, నీరు పట్టదు, అంతా బాగానే ఉంది. కానీ చెమట పట్టేసరికి లోపల మోకాలు సబ్బు మీద పెట్టినట్టు జారింది. ప్రార్థన మధ్యలో ఆవిడ ముందు వరసలో ఉన్నావిడ వీపు మీదకి వెళ్ళిపోయారు.

అవస్థ పడుతూనే వరసగా రెండు వారాలు చివరిదాకా మోకాళ్ళ మీదే ఉన్న సువార్తమ్మ గారి భక్తిని పాస్టరు గారు సంఘం ముందు మెచ్చుకున్నారు. ఆవిడ అబద్ధం ఆడే మనిషి కాదు. ప్రార్థనయ్యాక వెళ్ళి, చీర కుచ్చెళ్ళు కొంచెం ఎత్తి కట్లు చూపించి, ఇవి మోకాలి చెప్పులండీ, ఎంతసేపు ఆగుతాయో చూస్తున్నానండీ అని చెప్పేశారు. చెప్పులు గుమ్మం బయట విడవాలి కదమ్మా అన్నారాయన. అయినా ప్రార్థన నిజంగానే చేస్తున్నావు కదా అని అడిగారు. ఆయ్, చేస్తున్నానండీ, మీరు ఇంకో పది నిమిషాలు పొడిగిస్తే నాకు ఇంకా మంచిదండీ అన్నారట ఈవిడ.

చివరికి కావలసిన సరుకు క్వారీలోనే దొరికింది. క్రషర్లోంచి కంకరని పైకి మోసుకెళ్ళే రబ్బరు బెల్టు ఉంటుంది. రబ్బరు, మధ్యలో గట్టి గుడ్డ పొరలు, మళ్ళీ రబ్బరు. పగలూ రాత్రీ రాళ్ళు దాని మీద పడుతూనే ఉంటాయి. అరిగిపోయాక తీసేసిన ముక్కలు షెడ్డు పక్కన పడుంటే మేనేజరు ఒక గజం కోసిచ్చాడు. ఏళ్ళ తరబడి రాయి దెబ్బలు తిన్నదాన్ని నా మోకాలు ఏం చేస్తుందిలెండి అని ఆవిడ నవ్వారు. బెల్టు బయటికి, లోపలికి బొంత. మెత్తబడ్డ నేత చీరలు పదహారు పొరలుగా పరిచి దగ్గరదగ్గరగా కుట్టిన బొంత. చెమట పీల్చుకుంటుంది, జారదు, రాత్రి ఉతికేస్తే పొద్దుటికి ఆరుతుంది.

ఈ రెండింటినీ కలిపి కుట్టడానికి కోటిపల్లి బస్టాండు దగ్గర చెప్పులు కుట్టే చంద్రరావు దగ్గరికి తీసుకెళ్ళారు. నేనూ వెళ్ళాను. అతను కొలతలు తీసుకోకుండా, మీ పాత పని చీరలు రెండు తెచ్చి చూపించండి అన్నాడు. చెప్పు ఎక్కడ అరిగిందో చూస్తేగానీ మనిషి నడక తెలియదట, అలాగే చీర ఎక్కడ చిరిగిందో చూస్తేగానీ మోకాలి సంగతి తెలియదట. తెచ్చి చూపిస్తే, రెండింటికీ ఎడమ మోకాలి దగ్గరే చిల్లులు పడి ఉన్నాయి. కుడిచేత్తో సుత్తి కొట్టేవాళ్ళ బరువంతా ఎడమ మోకాలి మీదే పడుతుంది. పందొమ్మిదేళ్ళ ఉద్యోగంలో ఆవిడ ఉతుక్కుంటూ వచ్చినవి ఇలాంటి చీరలే. ఆవిడకీ తట్టలేదు, ఆరేళ్ళుగా పక్కనే ఉన్న నాకూ తట్టలేదు.

చంద్రరావు కుడిదానికన్నా ఎడమదాన్ని ఒక పొర మందంగా, మోకాలి కింద జానెడు దాకా దిగేలా కోశాడు. అంచులు లోపలికి గుచ్చుకోకుండా చెక్కాడు. మామూలు దారం నెలలో తెగుతుందని వలలు అల్లే నైలాన్ దారంతో కుట్టాడు. పట్టీలు మోకాలి వెనక మడతలోకి రాకుండా, పైన ఒకటీ కింద ఒకటీ, వెడల్పాటి గుడ్డవి. మిగిలింది చీర సమస్య. పొలం పనికెళ్ళే ఆడవాళ్ళు చీర మీద మగవాళ్ళ పొడుగు చేతుల చొక్కా తొడుక్కుంటారు కదా. ఆ ధైర్యంతోనే సువార్తమ్మ గారు వాళ్ళాయన పాత ఖాకీ ప్యాంటు చీర లోపల వేసుకుని, చీర మోకాళ్ళ పైకి దోపి, ఖాకీ మీద పట్టీలు కట్టారు. అంగుళం జారలేదు. యెహెజ్కేలు గారి ప్రార్థన ఆ వారం యాభై రెండు నిమిషాలు సాగింది. ఆవిడ లేచి, నడిచి, చెప్పులు తొడుక్కుని ఇంటికెళ్ళిపోయారు.

జనవరి నెలాఖరులో రాజు గారి పరీక్ష. కాలేజీలో కొత్త బిల్డింగు కడుతున్నారు, కంకర గుట్ట ఉండనే ఉంది. పిల్లలంతా వరండాల్లోకి వచ్చేశారు. ఖాకీ ప్యాంటు చూసి కొందరు నవ్వారు. నేను వాళ్ళవైపు ఒక చూపు చూశాను, ఇంటర్నల్ మార్కులు నా చేతిలోనే ఉన్నాయి కాబట్టి నవ్వు ఆగింది. సువార్తమ్మ గారు గుట్ట అంచున మోకాళ్ళూని, ఊరికే కూర్చోవడం ఎందుకని పక్కనున్న కంకరలోంచి సున్నపురాళ్ళు వేరుచేస్తూ కూర్చున్నారు. అరగంట అయిందని రాజు గారు చెప్పినా, ఈ గుప్పెడు అయిపోనివ్వండి అన్నారు. తరవాత ఎడమ చెయ్యి తొడ మీద ఆనించి, తనంతట తనే లేచి, ఏరిన రాళ్ళు ఆయన చేతిలో పోశారు. వాటిలో ఒకదాంట్లో గవ్వ ముక్క ఉంది.  రాజు గారు ఒప్పుకోక తప్పలేదు.

గోడ పేల్చడానికి ముందు మాకు దొరికింది ఆరు రోజులు. సోమవారం నుంచి గురువారం దాకా గవ్వలే గవ్వలు. పావుగంటకోసారి ఆవిడ లేచి నాలుగడుగులు వేసి మళ్ళీ దిగేవారు. శుక్రవారం ఆవిడ సుత్తి పక్కన పెట్టి, నేలంతా తడిపి చీపురుతో ఊడ్చారు. కాలేజీ గదులు ఊడ్చినట్టే, మూలలు కూడా వదలకుండా. తడిసిన సున్నపురాయి మీద అక్కడక్కడా గుండ్రటి పసుపుపచ్చ మచ్చలు తేలాయి, ఒక్కోటీ చేతి గాజు అంత. అవి ఇనుము మరకలని మా పుస్తకంలో రాసి ఉంది. కిందటేడు నేనే క్లాసులో చెప్పాను కూడా.

"ఇవి పీత బొక్కలండి," అన్నారు సువార్తమ్మ గారు.

రావులపాలెం దగ్గర ఊళ్ళో ఆవిడ చిన్నప్పుడు చేసిన పనే అదట. వరిచేల గట్లకి పీతలు బొక్కలు పెడితే నీళ్ళు కారిపోతాయి. పిల్లలు మోచెయ్యి దాకా చెయ్యి పెట్టి పీతల్ని లాగాలి. బొక్క కొంతదూరం తిన్నగా పోతుంది, తరవాత పక్కకి తిరుగుతుంది, తిరిగినచోట గదిలా వెడల్పవుతుంది. పీత అక్కడుంటుంది. తెలియనివాళ్ళు తిన్నగా తవ్వుకుంటూ పోయి, ఏమీ లేదని వదిలేస్తారు. ఈ బొక్కల్లో తరవాత వేరే రంగు బురద నిండి రాయైపోయింది, అంతే తేడా అన్నారు. నేను నోట్‌బుక్ మూసేశాను. పందొమ్మిదేళ్ళుగా మా డిపార్ట్‌మెంట్ ఆ మచ్చల మీద నుంచే అటూ ఇటూ తిరుగుతోంది.

శుక్రవారమంతా, శనివారం పొద్దుటంతా ఆవిడ ఒకే మచ్చ వెంట దిగారు. సన్న ఉలి, చిన్న సుత్తి, నీళ్ళ చెంబు. ఎడమ మోకాలు నేల మీద స్థిరంగా, కుడిది అటూ ఇటూ జరుగుతూ. బెల్టు రబ్బరు కంకర మీద కిర్రుమన్నప్పుడు తప్ప ఆవిడ మోకాళ్ళ గురించి అనుకోవాల్సిన అవసరం మాకెవరికీ రాలేదు. జానెడు లోతున పచ్చటి గొట్టం ఎడమకి తిరిగింది.  ఒకవేళ ఖాళీ అయితే అని నేను అన్నాను. అన్నందుకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను. ఆవిడ తలెత్తకుండా, లోపలుంది లెండి, కొంచెం నీళ్ళు పోయండి అన్నారు.

పన్నెండున్నరకి ఒక పెచ్చు లేచొచ్చింది. కింద పీత ఉంది. అరచేతి మధ్యలో పట్టేంత. డిప్ప చెక్కుచెదరలేదు, కాళ్ళు ముడుచుకుని ఉన్నాయి. ఒక పక్క డెక్క ఉంది, రెండో పక్క లేదు. పడుకుని లేవడానికి సిద్ధంగా ఉన్నట్టే ఉంది. నేను పిల్లల ముందు ఏడ్చేశాను. క్రషర్ మీద పనివాళ్ళు కూడా దిగొచ్చి చూశారు. మేనేజరు గడియారం చూపించి, నాలుగింటికి మందు పేలుతుంది, మూడింటికల్లా ఖాళీ చెయ్యాలని మళ్ళీ గుర్తుచేశాడు.

రాజు గారు జీపు దగ్గర్నుంచి పరుగున వచ్చారు. పీత ఇంకా రాతిలోనే, మోచేతి లోతు ఇరుకు గుంటలో ఉంది. నిలబడి చూస్తే కనబడదు. ఆయన అటూ ఇటూ చూసి, ఆ తెల్ల ప్యాంటుతోనే కంకర మీద ఉత్త మోకాళ్ళూని వంగారు. ముఖం ముడుచుకుపోయింది. లేవబోయి, మళ్ళీ ఆగి, పీతని చూశారు. చాలాసేపు చూశారు. ఆయన లేచేసరికి మోకాలి దగ్గర ఎర్రటి మరక పాకుతుందని నాకు తెలుసు, ఆయనకీ తెలుస్తూనే ఉండాలి. మెల్లిగా పక్కకి తిరిగి అడిగారు.

"ఇన్నేళ్ళూ ఇలాగే ఉత్త మోకాళ్ళ మీద చేశావా అమ్మా?"

సువార్తమ్మ గారు అప్పటికే ఉలి చేతిలోకి తీసుకున్నారు.

"పందొమ్మిదేళ్ళండి. కాస్త పక్కకి జరగండి రాజు గారూ, మీ మోకాలి కింద ఇంకో బొక్క ఉంది."